పదేళ్లుగా కదలని డుకాటీ 900 ఎస్‌ఎస్: బటన్ నొక్కే ముందు ఏమేం చూడాలి?

కిరణ్ (బొలోన్యా)

అందరికీ నమస్కారం. 1992 నాటి డుకాటీ 900 సూపర్‌స్పోర్ట్ (900 ఎస్‌ఎస్) మోటార్‌సైకిల్ ఒకటి నా చేతికి వచ్చింది. ఎర్ర రంగు, పూర్తి ఫెయిరింగ్ (బండిని కప్పే తొడుగు), తెల్ల ఫ్రేము, తెల్ల చక్రాలు. మొదటి నుంచీ యజమాని ఒక్కరే. మోకాళ్ల నొప్పులతో నడపడం మానేసి, సాస్సో మార్కోనీ దగ్గర కొండపల్లెలో ఇంటి కింది గదిలో పెట్టి దుప్పటి కప్పారు. అలా పదేళ్లు దాటింది. మీటరు మీద 19,000 కిలోమీటర్ల చిల్లర ఉంది. ఈ బండి తయారైన బోర్గో పానిగాలే కార్ఖానా ఆ ఊరికి ఎంతో దూరం లేదు.

నేను ఇక్కడే, ఇటలీలోని ఎమీలియా-రొమాన్యా ప్రాంతంలో మోటారు ఇంజినీరింగ్ చదివి, ఇక్కడే ఉద్యోగంలో స్థిరపడ్డాను. గేర్‌బాక్సుల లెక్కలు తెలుసు కానీ డెస్మో ఇంజిన్‌ను స్వయంగా విప్పింది లేదు. అందుకే అడుగుతున్నాను.

కంటికి కనిపించినవి ఇవి. ట్యాంకు మూత తీస్తే వార్నిష్ వాసన. వెనక టైరు పక్కల్లో పగుళ్లు. క్లచ్ లివరు ఏ పట్టూ లేకుండా హ్యాండిల్ దాకా వచ్చేస్తోంది. ముందు ఫోర్కు ఒకదాని మీద నూనె చార. సిలిండర్ల అడుగున నట్లకు తుప్పు. అన్నిటికంటే వింతగా అనిపించింది ఇంజిన్ ఆయిలు. ఆయిలు మట్టం చూపే అద్దంలో చూస్తే పై గీత కంటే పైన ఉంది. ఇన్నేళ్లు నిలిచిన బండిలో ఆయిలు తగ్గాలి కానీ పెరగడం ఏమిటి?

బ్యాటరీ తగిలించి ఒకసారి స్టార్ట్ చేసి చూడు, ఇంజిన్ బతికి ఉందో లేదో తేలిపోతుంది అని పక్కింటాయన అంటున్నారు. మీరేమంటారు?

సుధ (లీడ్స్)

కిరణ్ గారూ, దయచేసి ఆ బటన్ జోలికి వెళ్లకండి. తాళం చెవి కూడా బండికి దూరంగా పెట్టండి. నా దగ్గర 1995 నాటి 900 ఎస్‌ఎస్ ఉంది. దాని పనంతా నేనే చేసుకుంటాను, కాబట్టి కాస్త గట్టిగానే చెబుతున్నాను.

మొదటి సంగతి బెల్టులు. ఈ ఇంజిన్‌లో వాల్వులను కదిపే రెండు క్యామ్‌లనూ తిప్పేవి పళ్లున్న రబ్బరు బెల్టులు రెండు. వాటి ఆయుష్షు 20,000 కిలోమీటర్లు లేదా రెండేళ్లు, ఏది ముందైతే అది. మీ మీటరు 19,000 చూపిస్తోందని ధీమా పడకండి. నడవని బండిని ఏళ్లతో కొలవాలి. ఒకే మడతలో ఏళ్ల తరబడి బీరువాలో ఉన్న పట్టుచీర మడత దగ్గరే చీలినట్టు, పుల్లీ చుట్టూ వంగిన చోటనే బెల్టు పాడవుతుంది. స్టార్టర్ మొదటి గుంజుకే పన్ను ఊడితే చాలు, పైకి వచ్చే పిస్టన్ తెరిచి ఉన్న వాల్వును ఢీకొంటుంది. వాల్వు వంగుతుంది. ఇక హెడ్డు విప్పాల్సిందే.

రెండో సంగతి మీకు వింతగా అనిపించిన ఆయిలు. అది పెరగలేదు, దానిలో పెట్రోలు కలిసింది. కార్బురేటర్‌లో పెట్రోలు రాకను ఆపే ఫ్లోట్ సూది పట్టు తప్పితే ట్యాంకులోని పెట్రోలు మెల్లగా సిలిండర్‌లోకి, అక్కడి నుంచి రింగుల సందుల్లో ఇంజిన్ అడుగుకి దిగుతుంది. కాస్త ఆయిలు వేలికి తీసుకుని వాసన చూడండి. అలాంటి పల్చని ఆయిలుతో ఇంజిన్ తిరిగితే బేరింగులకు రక్షణ ఉండదు. పైగా సిలిండర్‌లో ఇంకా పెట్రోలు నిలిచి ఉంటే, ద్రవం నొక్కుకోదు కాబట్టి, కనెక్టింగ్ రాడ్డే వంగవచ్చు.

నట్ల తుప్పు గురించి: ఈ తరం రెండు వాల్వుల డుకాటీలలో సిలిండర్లను పట్టి ఉంచే స్టడ్లు (పొడవాటి బోల్టులు) తుప్పు పట్టి విరగడం అందరూ ఎరిగినదే. వాటి మీద పానా వేసి బలం చూపించకండి. తుప్పు వదిలించే నూనె రోజూ కొంచెం కొంచెం వేస్తూ ఉండండి. హెడ్డు దించే అవసరం రాకపోతే వాటిని అసలు కదపవద్దు.

రమణ (ఆటోనగర్, విజయవాడ)

బాబూ కిరణ్, డుకాటీ మీద నేను చెయ్యి పెట్టలేదు. రాజ్‌దూత్, యెజ్డీ, ఆర్‌డీ 350 మీద పెట్టిన చెయ్యి. కానీ నిలిచిపోయిన ఇంజిన్ ఏ దేశానిదైనా ముందు చేయాల్సిన పని ఒకటే. ప్లగ్గులు తీసెయ్యి. ప్లగ్గు రంధ్రాల్లోంచి కాస్త పల్చటి ఆయిలు పోసి రెండు రోజులు వదిలెయ్యి. రింగులు సిలిండర్‌కు పట్టుకుని ఉంటే నానాలి. ఆ తర్వాత పై గేరులో పెట్టి వెనక చక్రాన్ని చేత్తో తిప్పు. ముందుకే తిప్పు, వెనక్కి వద్దు.

తిప్పేటప్పుడు చేతికి ఏం తెలుస్తోందో గమనించు. ఎక్కడో ఒకచోట గట్టిగా ఆగితే బలవంతం చేయవద్దు, ఆపి కారణం వెతుకు. ఇనుము ఇనుముకు తగిలితే చేతికి తెలిసే తీరు వేరు, రింగు బిగిసిన తీరు వేరు. ప్లగ్గులు లేవు కాబట్టి లోపల పెట్రోలు ఉంటే బయటికి చిమ్ముతుంది. దగ్గర దీపం, సిగరెట్టు ఉండకూడదు.

అమ్మాయి చెప్పిన బెల్టుల మాట నూటికి నూరు పాళ్లు నిజం. అయితే చక్రం తిప్పడం కూడా బెల్టులు మార్చాకే చెయ్యి.

వంశీ (ఆస్టిన్)

నాది కాస్త వేరే అభిప్రాయం. బెల్టులు, రోలర్ బేరింగులు, ఆయిలు, సీళ్లు అన్నీ కొని పెట్టాక ఇంజిన్ లోపల దెబ్బతిని ఉందని తేలితే ఆ డబ్బు, శ్రమ వృథా కదా? కొత్త బ్యాటరీ, మంచి ఆయిలు, విడి డబ్బాలోంచి కాస్త పెట్రోలు. పది సెకన్లు తిరిగితే చాలు, బండి మీద ఎంత ఖర్చు పెట్టవచ్చో తెలుస్తుంది. బెల్టులు కంటికి బాగుంటే పది సెకన్లలో తెగవు. నేను రెండు పాత జపాన్ బళ్లను ఇలాగే లేపాను.

సుధ (లీడ్స్)

వంశీ గారూ, జపాన్ బళ్లలో ఎక్కువ వాటికి క్యామ్ తిప్పేది ఇనుప గొలుసు. పదేళ్లు నిలిచినా దానికి ఏమీ కాదు. ఇక్కడున్నది రబ్బరు. పైకి నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది, చెడేది పంటి మొదట్లో. ఆ చోటు బెల్టు ఊడదీసి తిరగేసి వంచితే తప్ప కనబడదు. కంటికి బాగుండడం అనేది ఇక్కడ పరీక్షే కాదు.

ఇంజిన్ బాగుందో లేదో తెలుసుకోవడానికి దాన్ని మండించనక్కరలేదు. ప్లగ్గు రంధ్రంలోంచి గాలి ఒత్తిడి పంపి ఎంత కారిపోతోందో చూసే పరీక్ష ఉంది. గాలి కార్బురేటర్‌లోకి వస్తే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్‌లోకి వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిలు మూత దగ్గర వస్తే రింగులు. రెండు బెల్టుల ఖర్చుకు భయపడి రెండు హెడ్ల ఖర్చు తెచ్చుకోవడం నాకు ఏ లెక్కలోనూ కుదరదు.

పావని (విశాఖపట్నం)

చదువుతున్నాను, చాలా బాగుంది. అడగవచ్చో లేదో తెలియదు కానీ, డెస్మో అంటే అసలు ఏమిటి? మామూలు ఇంజిన్‌కూ దీనికీ తేడా ఎక్కడ?

నర్సింగరావు (సికింద్రాబాద్)

అడగాల్సిన ప్రశ్నే, పావని గారూ. మామూలు ఇంజిన్‌లో క్యామ్ వాల్వును తెరుస్తుంది, స్ప్రింగు మూస్తుంది. వేగం బాగా పెరిగితే స్ప్రింగు క్యామ్‌ను అందుకోలేదు. మూసుకోవాల్సిన వాల్వు గాల్లో తేలుతుంది. డెస్మోలో తెరవడానికి ఒక రాకర్ (చిన్న మీట), మూయడానికి ఇంకో రాకర్. రెండూ క్యామ్ ఆజ్ఞలోనే ఉంటాయి. ఈ 900లో మూసే రాకర్‌కు చిన్న స్ప్రింగు తోడుగా ఉంటుంది కానీ, అది వాల్వు చివరి వెంట్రుకవాసి సందును పూడ్చడానికే.

ఈ పద్ధతిని డుకాటీలో నిలబెట్టిన మనిషి ఫాబియో తాల్యోనీ. 1954లో కంపెనీలో చేరారు. 1956లో స్వీడన్ గ్రాండ్ ప్రీలో ఆయన తొలి డెస్మో 125 గెలిచింది. 1926లో రేడియో విడిభాగాల కోసం పుట్టిన సంస్థ, యుద్ధం ముగిశాక సైకిలుకు తగిలించే కుచ్చొలో అనే బుల్లి ఇంజిన్‌తో ఈ దారి పట్టింది. అక్కడి నుంచి పదేళ్లలో డెస్మో దాకా రావడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

తాల్యోనీ పాత ఇంజిన్లలో క్యామ్‌లను తిప్పింది నిలువు కడ్డీలు, వంపు పళ్ల గేర్లు. చూడ్డానికి అందం, కూర్చడానికి గంటల పని. 1970ల చివర పాంటా ఇంజిన్‌తో ఆయనే రబ్బరు బెల్టులకు మారారు. శబ్దం తగ్గింది, తయారీ తేలికైంది. కిరణ్ గారి 904 సీసీ ఇంజిన్ ఆ పాంటా వంశమే. 92 మిల్లీమీటర్ల బోరు, 68 మిల్లీమీటర్ల స్ట్రోకు, తొంభై డిగ్రీల కోణంలో రెండు సిలిండర్లు. ఒకటి నేలకు దాదాపు సమాంతరంగా, ఇంకొకటి నిటారుగా. సుధ గారు అంతగా హెచ్చరిస్తున్న బెల్టుల వెనక కథ ఇది.

కిరణ్ (బొలోన్యా)

అందరికీ కృతజ్ఞతలు. పక్కింటాయనకు నచ్చజెప్పి పని మొదలుపెట్టాను.

ఆయిలు దించాను. నీళ్లలా పడింది, ఘాటుగా పెట్రోలు వాసన. సుధ గారి మాట అక్షరాలా నిజమైంది. జాలీ ఫిల్టర్ తీసి కడిగాను. లోహపు పొడి చాలా తక్కువ, క్రోమ్ పెచ్చులు ఏమీ లేవు. ఈ ఇంజిన్లలో రాకర్ల మీది క్రోమ్ పూత రాలుతుందని చదివి ఉన్నందువల్ల అక్కడే ఎక్కువసేపు వెతికాను.

బెల్టులు. మూతలు తీసి చూస్తే నిజంగానే కొత్తవాటిలా ఉన్నాయి. ఊడదీసే ముందు ఇంజిన్‌ను గుర్తులు కలిసే చోటికి రవ్వంత రవ్వంత చేత్తో తెచ్చి, మూడు పుల్లీల మీదా ఫ్రేము మీదా తెల్ల రంగుతో గీతలు పెట్టుకున్నాను. బెల్టు తీస్తే క్యామ్ కొద్దిగా జరగవచ్చు, గీత ఉంటే వెనక్కి తేవడం తేలిక. తీశాక తిరగేసి వంచాను. నిటారు సిలిండర్ బెల్టులో వరుసగా నాలుగు పళ్ల మొదట్లో పగుళ్లు, గోరు పట్టేంత లోతు. ఆ నాలుగూ కింది పుల్లీ చుట్టూ వంగి ఉన్న భాగంలోవే.

బెల్టులను పట్టి ఉంచే నాలుగు రోలర్ బేరింగుల్లో రెండు గరగరలాడుతున్నాయి. నాలుగూ మార్చాను. కొత్త బెల్టుల బిగువుకు ఫ్రీక్వెన్సీ కొలిచే పరికరం నా దగ్గర లేదు. రెండు వాల్వుల ఇంజిన్లకు పాత పద్ధతి ఒకటుంది కదా, కదలని రోలరుకూ బెల్టుకూ మధ్య 5 మిల్లీమీటర్ల అలెన్ కీ ఒరుసుకుంటూ దూరాలి, 6 మిల్లీమీటర్లది దూరకూడదు. అలాగే పెట్టాను.

రమణ గారు చెప్పినట్టు ప్లగ్గు రంధ్రాల్లో ఆయిలు పోసి రెండు రోజులాగి చక్రం తిప్పాను. ఎక్కడా అడ్డు లేదు. మొదటి తిప్పుడులో అడ్డ సిలిండర్‌లోంచి చెంచాడు పెట్రోలు బయటికి వచ్చింది.

వంశీ (ఆస్టిన్)

ఆ పళ్ల ఫొటో చూశాను. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఈ ఇంజిన్‌కు పది సెకన్ల పద్ధతి పనికిరాదు.

రమణ (ఆటోనగర్, విజయవాడ)

చాలా సంతోషం బాబూ. ఇప్పుడు ట్యాంకు సంగతి. లోపల తుప్పు ఉందా? మేమైతే గుప్పెడు సన్నకంకర, లీటరు కిరోసిన్ పోసి, మూత బిగించి, ఇద్దరు మనుషులు చెరో పక్క పట్టుకుని ఊపుతాం. ఆ తర్వాత కిరోసిన్‌తో రెండుసార్లు కడిగి ఎండలో పెడితే తళతళలాడుతుంది.

సుధ (లీడ్స్)

రమణ గారూ, మీ అనుభవం మీద నాకు గౌరవం ఉంది, కానీ ఈ ట్యాంకుకు కంకర వద్దంటాను. ఇది ఉక్కు రేకు ట్యాంకే అయినా, అడుగున అతుకుల వెంట తుప్పు లోపలి నుంచి రేకును పల్చన చేసి ఉంటుంది. రాళ్ల దెబ్బకు అక్కడ సూదిమొన రంధ్రాలు పడతాయి. పైగా బయటి రంగు కంపెనీది. ఊపేటప్పుడు చిన్న గీత పడినా మళ్లీ రాదు.

కిరణ్ గారూ, సిట్రిక్ యాసిడ్ పొడి గోరువెచ్చని నీళ్లలో కలిపి ట్యాంకు నిండా పోసి ఒక రాత్రి ఉంచండి. మూత చుట్టూ, ఆ నీళ్లు కారే చోట్లన్నీ ముందే గుడ్డతో కప్పి రంగును కాపాడండి. తుప్పు కరిగాక ఆ నీళ్లు పారబోసి, వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే వేడిగాలితో ఆరబెట్టండి. ఆలస్యమైతే కళ్లముందే మళ్లీ పసుపు తుప్పు లేస్తుంది. ఆరిన వెంటనే లోపల పల్చగా ఆయిలు తిప్పి పెట్టండి. లోపలి పూత వేయమని చాలామంది అంటారు. రంధ్రం లేని ట్యాంకుకు నేను వేయను. సరిగా అంటుకోని పూత కొన్నేళ్లకు పెచ్చులుగా లేచి కార్బురేటర్ జెట్లలో (పెట్రోలు పారే సన్న రంధ్రాల్లో) పడుతుంది.

నర్సింగరావు (సికింద్రాబాద్)

ఇక్కడ ఒక మాట కలుపుతాను, మన దేశంలో పాత బళ్లున్న వాళ్లకు పనికొస్తుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి నిలిపే బండి ట్యాంకులో అడుగున నీరు చేరి తుప్పు మొదలవుతుంది. పాత రబ్బరు గొట్టాలు, కార్బురేటర్ రింగులు ఉబ్బి మెత్తబడతాయి. కాబట్టి వానాకాలమంతా నిలపబోయే పాత బండికి కార్బురేటర్ గిన్నెలు ఖాళీ చేసి పెట్టండి. గొట్టాలు మార్చేటప్పుడు ఇథనాల్ తట్టుకునే రకం అడిగి తీసుకోండి.

రమణ (ఆటోనగర్, విజయవాడ)

పల్చని రేకు సంగతి అమ్మాయి బాగా చెప్పింది. మా యెజ్డీ ట్యాంకు రేకు మందం కాబట్టి ఆగేది. సిట్రిక్ యాసిడ్ ఇక్కడ కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు పేరుతో దొరుకుతుంది, ఈసారి నేనూ చేసి చూస్తాను.

కిరణ్ (బొలోన్యా)

ట్యాంకు సిట్రిక్ యాసిడ్‌తో శుభ్రమైంది, రంధ్రాలు లేవు. కార్బురేటర్లు దించాను, రెండూ 38 మిల్లీమీటర్ల మికూనీలు. గిన్నెల అడుగున ఆకుపచ్చ జిగురు. పైలట్ జెట్లు రెండూ పూర్తిగా మూసుకుపోయాయి. ఫ్లోట్ సూది ఒకదాని కొనలో గుంట పడింది. పెట్రోలు దారి అదే.

వంశీ (ఆస్టిన్)

కిరణ్, ఇది మంచి సమయం. ఆ మికూనీలు పక్కన పెట్టి కెయిహిన్ ఎఫ్‌సీఆర్ రేసు కార్బురేటర్లు వెయ్యి. థ్రాటిల్ తిప్పగానే బండి మారిపోతుంది. ఈ మాట మీద నేను గట్టిగా నిలబడతాను, నా 900 మాన్‌స్టర్‌కు వేశాను. మికూనీలో శూన్యం మీద లేచే పిస్టన్ ఉంటుంది, నీ చేతికీ దానికీ మధ్య ఎప్పుడూ కాస్త ఆలస్యం ఉంటుంది. ఎఫ్‌సీఆర్‌లో స్లయిడ్ నేరుగా నీ చేతిలో.

సుధ (లీడ్స్)

వంశీ గారు చెప్పిన అనుభూతి నిజమే. కానీ క్రమం ముఖ్యం. ఈ బండి ఇంకా మండలేదు. ముందు కంపెనీ ఇచ్చిన స్థితిలో నడిచి, ఆ స్థితి ఎలా ఉంటుందో తెలిశాకే మార్పు. ఒకేసారి రెండు మారిస్తే, తేడా వచ్చినప్పుడు ఏది కారణమో తెలియదు.

మికూనీలకు చేయాల్సినవి: జెట్లలో ఇనుప తీగ దూర్చవద్దు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే ఇక అది వేరే జెట్టే. అల్ట్రాసోనిక్ తొట్టిలో వేసి, తర్వాత గాలి కొట్టండి. పైన ఉండే రబ్బరు డయాఫ్రమ్‌లను దీపానికి ఎదురుగా పెట్టి చూడండి. సూదిమొన రంధ్రం ఉన్నా ఆ సిలిండర్ వెనకబడుతుంది. సూదులు, వాటి పీటలు, రింగులు కొత్తవి వేయండి. ఇంజిన్ నడిచాక రెండు కార్బురేటర్ల శూన్యం సమానంగా ఉందో లేదో గేజ్‌తో సరిచేయాలి. రెండు సిలిండర్ల ఇంజిన్‌లో ఆ సమానత తప్పితే వణుకు పిడికిళ్లలో తెలుస్తుంది.

కిరణ్ (బొలోన్యా)

అవన్నీ అయ్యాయి. ఈ వారాంతం వాల్వులు కొలిచాను, అదే అసలైన పండుగ. ఎందుకంటే స్ప్రింగు ఇంజిన్‌లో ఒక్కో వాల్వుకు ఒక కొలత. ఇక్కడ రెండు. తెరిచే వైపు సందు, మూసే వైపు సందు. తెరిచేవి నాలుగూ హద్దుల్లోనే ఉన్నాయి, మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త అటూ ఇటూ. మూసేవి 0.05 లోపు ఉండాలి. అడ్డ సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వుది మాత్రం అంతకు మించి వదులైంది.

ప్రశ్న: ఆ సందును నిర్ణయించే షిమ్‌ను (కొలిచిన మందం ఉన్న చిన్న బిళ్లను) పట్టి ఉంచే చీలిక ఉంగరాలు తీసేటప్పుడు వాల్వు సిలిండర్‌లోకి జారిపోతుందని విన్నాను. హెడ్డు దించకుండా సురక్షితంగా ఎలా చేయాలి?

సుధ (లీడ్స్)

ఆ పిస్టన్‌ను పూర్తిగా పైకి తెచ్చి చేయండి. అప్పుడు వాల్వు జారినా పిస్టన్ తల మీద ఆగుతుంది, కింద పడే చోటే ఉండదు. చక్రం కదలకుండా గేరులో ఉంచి వెనక బ్రేకు లివరుకు తాడు కట్టండి. చీలిక ఉంగరాలు బియ్యపు గింజంత చిన్నవి. ఆయిలు కిందికి దిగే రంధ్రాల్లో గుడ్డ దూర్చకుండా మొదలుపెట్టవద్దు. అయస్కాంతం పక్కనే ఉంచుకోండి.

ఉంగరాలను భూతద్దంతో చూడండి. లోపలి అంచు నలిగి చదునై ఉంటే కొత్తవి వేయాలి. వదులు పెరగడానికి చాలాసార్లు షిమ్ కంటే ఉంగరమే కారణం. కొత్త ఉంగరాలు మొదట్లో కాస్త కూర్చుంటాయి, కాబట్టి 1,000 కిలోమీటర్లకే మళ్లీ కొలవండి. కొత్త షిమ్ కావలసిన దానికంటే కాస్త మందంగా వస్తే, అద్దం పలక మీద సన్నని ఎమరీ కాగితం పరిచి ఎనిమిది అంకె ఆకారంలో రుద్ది సరిచేసుకోవచ్చు. ఓపిక ఉన్నవాళ్లకు ఇందులో ఉన్న తృప్తి ఇంకెందులోనూ లేదు.

వంశీ (ఆస్టిన్)

రంగు సంగతి ఏమనుకున్నావు? ఫెయిరింగ్ ఎడమ పక్క గీతలు, తోకమీద ఎండకు వెలిసిన మచ్చ ఉన్నాయి కదా. ఇన్ని చేసినప్పుడు కొత్త రంగు వేయిస్తే బండి షోరూము నుంచి వచ్చినట్టుంటుంది.

నర్సింగరావు (సికింద్రాబాద్)

వేయించవద్దని బతిమాలుకుంటున్నాను. రబ్బరు, ఆయిలు, బెల్టులు మార్చడానికే పుట్టాయి, మార్చండి. రంగు, స్టిక్కర్లు, స్క్రూల తలలు అలా కావు. అవి ఒక్కసారే వస్తాయి. ఇలా మొదటి యజమాని దగ్గరే ఉన్న బండి మీద కంపెనీ రంగు అరుదవుతోంది. కొత్త రంగు ఎప్పుడైనా వేయవచ్చు, పాత రంగును ఎవరూ తిరిగి వేయలేరు. మన దగ్గర ఎన్నో పాత బుల్లెట్లు, జావాలు క్రోమ్ పూతల కింద, మెరుపు రంగుల కింద తమ గుర్తులన్నీ పోగొట్టుకున్నాయి. ఏది ఏ సంవత్సరానిదో ఇప్పుడు పోల్చుకోవడమే కష్టమైంది. ఆ బాధతో చెబుతున్నాను.

కిరణ్ (బొలోన్యా)

నర్సింగరావు గారూ, రంగు జోలికి వెళ్లడం లేదు. మెత్తటి గుడ్డ, సబ్బు నీళ్లు, మైనం అంతే. ఇక్కడ పాత బళ్ల సంఘాలు ఇచ్చే చారిత్రక ధ్రువపత్రానికి కూడా అసలు రూపం నిలవడమే ప్రధానం. అసలు యజమాని ఆ ఎడమ పక్క గీతల గురించి చెప్పారు, ఫూటా కనుమ మీద ఒక రాత్రి వానలో పడినప్పటివట. వాటిని చెరిపేయడానికి నాకు మనసు రాలేదు.

మిగిలిన పనులు క్లుప్తంగా. క్లచ్ కింది సిలిండర్ సీలు పోయి ద్రవమంతా కారిపోయింది, మార్చాను. బ్రేకు గొట్టాలు కొత్తవి. బ్రెంబో క్యాలిపర్లు విప్పి పిస్టన్లు కడిగి సీళ్లు వేశాను. ఫోర్కు సీళ్లు, ఆయిలు మార్చాను. ముందు 120, వెనక 170 వెడల్పు టైర్లు కొత్తవి. పాత వెనక టైరు పక్కన నాలుగు అంకెల తేదీ చూస్తే, బండి నిలపడానికి చాలా ఏళ్ల ముందుదే అది.

సుధ (లీడ్స్)

ఫెయిరింగ్ విప్పి ఉన్నప్పుడే స్టీరింగ్ తల దగ్గర ఫ్రేము గొట్టాల అతుకులు, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగార్మ్ అతుకులు శుభ్రంగా తుడిచి లైటు పెట్టి చూడండి. ఈ తరం సూపర్‌స్పోర్ట్‌లలో ఆ రెండు చోట్ల పగుళ్లు కనబడ్డ బళ్లు ఉన్నాయి. రంగులో వెంట్రుకంత గీత, దాని అంచున తుప్పు మరక కనబడితే ఆ బండి ఎక్కకూడదు. మిగతావన్నీ రోడ్డు పక్కన ఆపేవే, ఇదొక్కటి ప్రాణాల మీదికి తెచ్చేది.

కిరణ్ (బొలోన్యా)

పగుళ్లు చూపే రంగుద్రవం చల్లి మరీ చూశాను. రెండు చోట్లా శుభ్రం.

ఇక అసలు కబురు. ప్లగ్గులు తీసి, కొత్త ఆయిలుతో, ఆయిలు ఒత్తిడి దీపం ఆరేదాకా స్టార్టర్‌తో తిప్పాను. తర్వాత ప్లగ్గులు బిగించి, చోక్ లాగి నొక్కాను. నిటారు సిలిండర్ ముందు అందుకుంది, కొన్ని క్షణాలకు రెండోది కలిసింది. పెట్రోలు ఎక్కడా కారలేదు. అసలు యజమాని కుర్చీ వేసుకుని పక్కనే కూర్చున్నారు. శబ్దం విని, చెయ్యి ట్యాంకు మీద పెట్టి, అడ్డ సిలిండర్ కాస్త వెనకబడుతోందని చెప్పారు. గేజ్ చూస్తే ఆయన మాటే నిజం. వేడెక్కాక కార్బురేటర్లు సమానం చేశాను.

బ్యాటరీ దగ్గర కొలిస్తే ఇంజిన్ వేగంలో కూడా పన్నెండున్నర వోల్టులే. ఛార్జింగ్ లేదు. ఎక్కడ వెతకాలి?

వంశీ (ఆస్టిన్)

ఇది నాకు బాగా తెలిసిన ఇల్లు. ఆల్టర్నేటర్ నుంచి వచ్చే రెండు పసుపు తీగలు రెగ్యులేటర్‌కు కలిసే చోట ప్లగ్గు చూడు. అక్కడ పచ్చగా తుప్పు పట్టి, వేడికి ప్లాస్టిక్ కరిగి ఉంటుంది. ఆ రెండు తీగల మధ్య ఏసీ వోల్టేజీ ఇంజిన్ వేగంతో పాటు పెరుగుతుంటే ఆల్టర్నేటర్ బాగున్నట్టు. ఏ తీగకూ ఇంజిన్ లోహానికీ మధ్య కనెక్షన్ ఉండకూడదు. ఆ రెండూ సరిగా ఉంటే తప్పు రెగ్యులేటర్‌ది. దాని ఎర్త్‌కు ఫ్రేము మీద ఆధారపడకుండా బ్యాటరీ దాకా విడిగా లావుపాటి తీగ వేస్తే చాలా సమస్యలు పోతాయి. సరిగా ఉంటే బ్యాటరీ దగ్గర పద్నాలుగు వోల్టుల చుట్టుపక్కల చూపాలి.

కిరణ్ (బొలోన్యా)

వంశీ, నువ్వు చెప్పిన చోటే. ప్లగ్గు నల్లగా కాలి ఉంది. కోసేసి కొత్తది వేశాను, ఎర్త్ విడిగా వేశాను. ఇప్పుడు 14.1.

నిన్న రెవిజియోనే అనే బండి తనిఖీకి తీసుకెళ్లాను. ఇక్కడ రెండేళ్లకోసారి తప్పనిసరి. బ్రేకులు, లైట్లు, పొగ అన్నీ నెగ్గింది. ముప్పై ఏళ్లు దాటిన బండి కాబట్టి ఏటా కట్టే బొల్లో పన్ను కూడా లేదు. తిరిగి వచ్చేటప్పుడు సెత్తా లోయ వెంట వచ్చాను. నాలుగు వేల ఆర్‌పీఎం దగ్గర ఈ ఇంజిన్ లాగే తీరు గురించి ఎంతైనా రాయగలను కానీ, దానికి ఇంకో చర్చ తెరుస్తాను.

పావని (విశాఖపట్నం)

అభినందనలు! వీడియోలో క్లచ్ నొక్కినప్పుడు కుడి పక్క నుంచి గలగలమని డబ్బాలో నాణేలు కదిలినట్టు వినబడుతోంది. అది తప్పు కాదా?

రమణ (ఆటోనగర్, విజయవాడ)

నాకూ అదే అనుమానం వచ్చింది. మా బళ్లలో ఆ శబ్దం వస్తే ఆ పూటే విప్పేస్తాం.

సుధ (లీడ్స్)

అది పొడి క్లచ్, ఆయిలులో మునిగి ఉండదు. ప్లేట్ల చెవులకూ బుట్టకూ మధ్య సందు ఉంటుంది, లివరు నొక్కగానే ప్లేట్లు వదులై మోగుతాయి. ఈ బళ్ల సహజ స్వరం అది. అయితే కిరణ్ గారూ, మూత తీసి బుట్ట గాడుల్లో ప్లేట్లు గుంటలు చేశాయేమో చూడండి. గుంట లోతైతే క్లచ్ జెర్కులతో పడుతుంది, అప్పుడు బుట్ట, ప్లేట్లు కలిపి మార్చాలి. ఆ ప్లేట్ల మందం కొలిచి ఇక్కడ పెట్టండి. 1,000 కిలోమీటర్లకు బెల్టు బిగువు, ఆ ఎగ్జాస్ట్ వాల్వు మూసే సందు కొలిచాక ఆ అంకెలు కూడా ఇదే చర్చలో రాయండి. తర్వాత ఇలాంటి బండి దొరికిన వాళ్లకు పనికొస్తాయి.

కిరణ్ (బొలోన్యా)

శనివారం క్లచ్ మూత తీస్తాను. కొలతలు, ఫొటోలు ఆ సాయంత్రమే పెడతాను.